ఫ్యాన్‌తో అక్వేరియం నీటిని చల్లగా ఉంచడం ఎలా?

ఎండలు ముదిరేసరికి అక్వేరియం పెంచేవారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. నీళ్లు వేడెక్కిపోతున్నాయి, చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి, నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లర్ కొనే వీలు లేదు, ఫ్యాన్ పెడితే సరిపోతుందా అని అడుగుతారు. ఇంట్లో ఉండే చాలా తొట్టెలకు సరిపోతుంది. అయితే ఫ్యాన్ పెట్టినా నీరు చల్లబడలేదని చెప్పేవారు కూడా తక్కువేమీ లేరు. అలాంటి తొట్టెలను పరిశీలిస్తే, గాలి నీటి ఉపరితలాన్ని తాకకపోవడమో, తాకిన గాలి తేమను మోసుకుని బయటికి పోయే దారి లేకపోవడమో ఎక్కువగా కనిపిస్తుంది.

దీని వెనుక ఉన్న సూత్రం ఒక్కటే కాబట్టి దాన్ని ముందే చెప్పుకుందాం. ఫ్యాన్ చల్లని గాలిని తయారు చేయదు. గదిలో ఉన్న గాలినే నీటి మీదుగా తోస్తుంది, ఆ గాలికి నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, ఆవిరయ్యే నీరు తనతో పాటు వేడిని తీసుకుపోతుంది. స్నానం చేసి తడి ఒంటితో గాలికి నిలబడితే చలి వేయడానికి కారణం కూడా ఇదే. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీయవలసిన వేడి సుమారు 420 కిలోజౌళ్లు మాత్రమే. గది నుంచి, దీపం నుంచి, పంపు నుంచి వేడి మళ్లీ నీటిలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి, చివరికి మనకు మిగిలేది మామూలుగా 2 నుంచి 4 డిగ్రీల తగ్గుదల. చాలా చేపలకు ఆ తేడాయే ప్రాణాధారం.

మొదలుపెట్టే ముందు, మీ చేపలకు నిజంగా చల్లదనం అవసరమో కాదో చూసుకోండి. గోల్డ్‌ఫిష్‌కు సుమారు 18 నుంచి 23 డిగ్రీలు, నియాన్ టెట్రాకు 21 నుంచి 26, చెర్రీ రొయ్యలకు 20 నుంచి 26, ఉప్పునీటి పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల సెంటీగ్రేడ్ అనుకూలం. డిస్కస్ చేపలు 28 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, వాటి తొట్టె 29 చూపిస్తోందని కంగారుపడి ఫ్యాన్ బిగించడం వాటికి హాని చేయడమే అవుతుంది. మిగతావాటి విషయంలో అసలు ప్రమాదం వేడి ఒక్కటే కాదు, వేడితో పాటు తగ్గే ప్రాణవాయువు కూడా. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల వద్ద ఆ సంఖ్య 7.6కు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో అమ్మోనియా ఉంటే దాని విషప్రభావం కూడా పెరుగుతుంది.

కావలసినవి

- కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు. 60 సెంటీమీటర్ల పొడవున్న తొట్టెకు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, లేదా 80 మిల్లీమీటర్లవి రెండు సరిపోతాయి. అంతకంటే పొడవైన తొట్టెకు రెండు పెద్ద ఫ్యాన్లు అవసరమవుతాయి. అక్వేరియం అంచుకు తగిలించుకునే క్లిప్‌తో వచ్చే తయారు ఫ్యాన్లు కూడా దొరుకుతాయి. తీగలతో పని చేయడం అలవాటు లేనివారు అవే తీసుకోవడం మంచిది.
- 12 వోల్టుల డీసీ అడాప్టర్. ఫ్యాన్ మీద రాసి ఉండే ఆంపియర్లను కూడి, అంతకంటే ఎక్కువ సామర్థ్యం ఉన్నది ఎంచుకోవాలి. 0.2 ఆంపియర్ల ఫ్యాన్లు రెండు ఉంటే ఒక ఆంపియర్ అడాప్టర్ ధారాళంగా సరిపోతుంది.
- నీటిలో ప్రోబ్ (తీగ చివర ఉండే, వేడిని గుర్తించే మొన) ముంచే డిజిటల్ థర్మామీటర్. అద్దానికి అంటించే రంగుల పట్టీని దీనికి నమ్మవద్దు. అది అద్దం ఉష్ణోగ్రతను చూపుతుంది, ఆ అద్దానికి బయటి గది వేడి, ఫ్యాన్ గాలి రెండూ తగులుతూనే ఉంటాయి.
- తొట్టె పైభాగాన్ని కప్పడానికి సన్నని ప్లాస్టిక్ వల.
- ఫ్యాన్ బిగించడానికి ప్లాస్టిక్ టైలు, లేదా తుప్పు పట్టని స్క్రూలు.
- వీలైతే ఉష్ణోగ్రతను బట్టి ఫ్యాన్‌ను నడిపి ఆపే కంట్రోలర్.

చేయవలసిన విధానం

1. మూడు రోజులు లెక్క రాసుకోండి.

ఫ్యాన్ కొనడానికి ముందే ఉదయం, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల ప్రాంతంలో, రాత్రి పడుకునే ముందు నీటి ఉష్ణోగ్రతను, గది ఉష్ణోగ్రతను పక్కపక్కనే రాయండి. చాలామంది ఈ మెట్టును వదిలేస్తారు, ఆ తర్వాత ఫ్యాన్ పనిచేస్తోందో లేదో చెప్పలేక ఇబ్బంది పడతారు. థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో కూడా ఇప్పుడే పరీక్షించండి. గ్లాసు నిండా ముక్కలు చేసిన మంచు వేసి, దానిలో కొద్దిగా నీరు పోసి కలిపి, ప్రోబ్‌ను కొన్ని నిమిషాలు ఉంచితే అది సున్నా డిగ్రీలకు దగ్గరగా చూపాలి. రెండు డిగ్రీలు ఎక్కువ చూపే థర్మామీటర్‌ను నమ్మి లేని వేడికి వైద్యం చేసినవారిని నేను చూశాను.

2. మీ గదిలో ఫ్యాన్ ఎంతవరకు చల్లబరచగలదో తెలుసుకోండి.

ఇది ఐదు పది నిమిషాల పని. మామూలు గాజు థర్మామీటర్ గుబ్బకు తడి నూలు గుడ్డ చుట్టి, నడుస్తున్న ఫ్యాన్ ముందు పట్టుకోండి. అంకె దిగిదిగి ఒకచోట ఆగుతుంది. ఆ గదిలో గాలి ఎంత తోసినా నీరు అంతకంటే చల్లబడదు, నిజానికి తొట్టె ఆ అంకెకు గది ఉష్ణోగ్రతకు మధ్య ఎక్కడో నిలుస్తుంది. గది 34 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 40 శాతం ఉంటే ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. అదే వేడిలో తేమ 80 శాతం ఉంటే హద్దు 31 దగ్గరే ఉంటుంది. పొడి ఎండల్లో అద్భుతంగా పనిచేసిన ఫ్యాన్ ఉక్కపోత రోజుల్లో ఎందుకు ఓడిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. మీ హద్దు మీ చేపలు తట్టుకునే వేడి కంటే పైనే ఉంటే ఫ్యాన్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ రోజుల్లో గదిని ఏసీతో చల్లబరచాలి, లేదా చిల్లర్ వాడాలి.

3. లోపలికి వచ్చే వేడిని తగ్గించండి.

తొట్టె మీద నేరుగా ఎండ పడకుండా తెర వేయండి. దీపాన్ని నీటికి కొంచెం ఎత్తుగా జరిపి, వెలిగించే వేళలను సాయంత్రానికి మార్చండి. మొక్కలకు పగలే వెలుతురు కావాలన్న నియమం ఏమీ లేదు, రోజూ ఒకే వేళకు అందితే చాలు. నీటిలో మునిగి నడిచే అదనపు పంపులు ఉంటే తీసివేయండి. ప్రధాన ఫిల్టర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి.

4. మూత తెరిచి వల కప్పండి.

మూత బిగించిన తొట్టెలో ఫ్యాన్ పెట్టడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. నీటికి మూతకు మధ్య ఉన్న గాలి కొద్దిసేపటికే తేమతో నిండిపోతుంది, ఆ తర్వాత ఫ్యాన్ అదే తడి గాలిని గిరగిరా తిప్పుతూ ఉంటుంది. మూతను పూర్తిగా తీసివేసి వల పరచడం ఉత్తమం. అలా వీలుకాకపోతే ఒక చివర గాలి లోపలికి వచ్చేలా, రెండో చివర బయటికి పోయేలా రెండు ఖాళీలు వదలండి. వేడికి ఇబ్బందిపడే చేపలు మామూలు కంటే ఎక్కువగా ఎగురుతాయి కాబట్టి వల లేకుండా ఒక్క రాత్రి కూడా ఉంచకండి. తేలే మొక్కలు నీటిని పూర్తిగా కప్పేసి ఉంటే సగమైనా తొలగించండి, గాలికి తాకే నీరు ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు.

5. ఫ్యాన్‌ను సరైన కోణంలో బిగించండి.

తొట్టె పొడవు వైపు ఒక చివర, నీటికి ఐదు నుంచి పది సెంటీమీటర్ల ఎత్తులో, గాలి నీటి మీద ఏటవాలుగా పడి అవతలి చివర వరకు జారిపోయేలా అమర్చండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు బాగా పనిచేస్తుంది. నేరుగా కిందికి ఊదితే గాలి ఒకేచోట పడి చెదిరిపోతుంది, తుంపర్లు ఫ్యాన్ మీదికే ఎగురుతాయి. కంప్యూటర్ ఫ్యాన్లకు గాలి ఏ దిక్కున పోతుందో చెప్పే బాణం గుర్తు చట్రం పక్కన ఉంటుంది. గుర్తు లేకపోతే చిన్న కాగితం ముక్క పట్టుకుని చూడండి. ఉపరితలమంతా సన్నని అలలు కనిపిస్తే అమరిక కుదిరినట్లే. టేబుల్ ఫ్యాన్ వాడాలనుకుంటే దాన్ని తొట్టెకు దూరంగా, పడినా నీటిలో పడని చోట నిలపండి, తొట్టె అంచు మీద మాత్రం ఎన్నడూ పెట్టకండి.

6. విద్యుత్తు పనిని తొందరపడకుండా చేయండి.

కంప్యూటర్ ఫ్యాన్ ఎర్ర తీగ (నాలుగు తీగల ఫ్యాన్లలో చాలావాటికి పసుపు తీగ) అడాప్టర్ ధన ధ్రువానికి, నల్ల తీగ రుణ ధ్రువానికి కలపాలి. మూడవ తీగ, నాలుగవ తీగ ఉంటే అవి వేగాన్ని తెలపడానికి, మార్చడానికి ఉద్దేశించినవి. వాటి కొనలను విడివిడిగా టేపుతో కప్పి వదిలేస్తే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. శబ్దం ఎక్కువనిపిస్తే వోల్టేజీ మార్చుకునే అడాప్టర్ తీసుకుని 9 వోల్టుల వద్ద నడపవచ్చు. అడాప్టర్ తొట్టె పైన గానీ, కిందనే గానీ ఉండకూడదు, పక్కగా నీరు చేరని చోట ఉండాలి. సాకెట్‌లోకి వెళ్లే ప్రతి తీగ ముందు సాకెట్ కంటే కిందికి వేలాడి, అక్కడి నుంచి పైకి వెళ్లేలా వదలండి. తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుందే తప్ప సాకెట్‌లోకి పోదు. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. నీటిలో చేయి పెట్టే ముందు హీటర్‌తో సహా అన్ని ప్లగ్గులూ తీయడం అలవాటు చేసుకోండి.

7. నీటి మట్టాన్ని గుర్తించి రోజూ నింపండి.

అద్దం మీద నీటి మట్టం దగ్గర చిన్న టేపు ముక్క అంటించండి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టెలో ఒక సెంటీమీటరు తగ్గిందంటే 1.8 లీటర్లు ఆవిరైనట్లు. రోజుకు అంత తగ్గితే, 50 వాట్ల హీటర్ పగలూ రాత్రీ నడిచి పుట్టించేంత వేడిని మీ ఫ్యాన్ బయటికి పంపుతోందన్నమాట. కాబట్టి మట్టం తగ్గుతోందని బెంగపడకండి, తగ్గకపోతేనే ఆలోచించాలి. నింపే నీరు క్లోరిన్ లేనిదై, తొట్టె నీటి వేడికి దగ్గరగా ఉండాలి. ఆవిరి రూపంలో పోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. గట్టి నీటితోనే రోజూ నింపుతూ పోతే వారాల్లో నీటి కాఠిన్యం పెరిగిపోతుంది. అందుకే నింపడానికి ఆర్‌ఓ నీరు మేలు, అది లేనివారు వారంవారం నీరు మార్చడాన్ని అసలే మానకూడదు. నింపడం వేరు, మార్చడం వేరు. ఉప్పునీటి తొట్టెలో ఆవిరైన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పు కలిపిన నీరు పోస్తే లవణీయత రోజురోజుకూ ఎక్కుతుంది.

మట్టం బాగా తగ్గనిస్తే మరో ప్రమాదం ఉంది. వెనుక వేలాడే ఫిల్టర్ నీరు అందక ఎండిపోతుంది, నడుస్తున్న గాజు హీటర్ నీటి పైకి తేలి పగిలిపోవచ్చు.

8. ఫ్యాన్, హీటర్ ఒకదానితో ఒకటి పోట్లాడకుండా చూడండి.

కంట్రోలర్ ఉంటే ఫ్యాన్ 27 డిగ్రీల వద్ద మొదలై 26 వద్ద ఆగేలా పెట్టి, హీటర్‌ను 24కు దించండి. రెండింటికీ మధ్య కనీసం రెండు డిగ్రీల ఖాళీ ఉండాలి. నేను మొదటిసారి ఫ్యాన్ బిగించినప్పుడు హీటర్‌ను 27 దగ్గరే వదిలేశాను. ఫ్యాన్ చల్లబరచడం, హీటర్ వేడి చేయడం రెండు వారాలు సాగింది, నీరు మాత్రం బకెట్ల కొద్దీ ఆవిరైంది. కంట్రోలర్ ప్రోబ్‌ను ఫ్యాన్ గాలి తగిలే మూలలోనో, హీటర్ పక్కనో కాకుండా, నీరు బాగా కదిలే చోట సగం లోతులో ఉంచండి. ప్రోబ్ జారి నీటి బయటికి వస్తే అది గది వేడిని చూసి ఫ్యాన్‌ను ఆపకుండా నడిపిస్తుంది, కాబట్టి దాన్ని గట్టిగా అతికించండి.

కంట్రోలర్ లేనివారు టైమర్ వాడవచ్చు. పగలు పది నుంచి రాత్రి ఎనిమిది వరకు నడిపి, మీ లెక్కల పుస్తకం చెప్పినదాన్ని బట్టి వేళలు సవరించుకోండి. పొడి వాతావరణంలో రాత్రంతా ఫ్యాన్ నడిస్తే తెల్లవారేసరికి నీరు అనుకున్నదానికంటే బాగా చల్లబడి ఉంటుంది. రోజులో రెండు డిగ్రీలకు మించిన ఎగుడుదిగుడులు, స్థిరంగా ఉండే 28 డిగ్రీల కంటే చేపలను ఎక్కువ అలసిపోయేలా చేస్తాయి. తెల్లమచ్చల వ్యాధి తరచుగా అలాంటి రోజుల తర్వాతే బయటపడుతుంది.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి?

ఫ్యాన్ పెట్టిన మొదటి రోజు ఇంట్లో ఉండే రోజు కావాలి. మొదటి నాలుగు గంటలు గంటకోసారి ఉష్ణోగ్రత రాయండి. గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా పడిపోతే ఫ్యాన్ వేగం తగ్గించండి. ఆ తర్వాత మళ్లీ మూడు రోజులు పాత వేళల్లోనే రాసి, ముందు రాసిన మూడు రోజులతో పోల్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నీటి అంకెను విడిగా చూడకుండా, గదికి నీటికి ఉన్న తేడాను చూడాలి. బయట ఎండ తగ్గిన రోజున నీరు చల్లబడితే ఆ ఘనత ఫ్యాన్‌ది కాదు. ముందు నీరు గదితో సమానంగా ఉండి, ఇప్పుడు గది కంటే మూడు డిగ్రీలు తక్కువ ఉంటే మీ అమరిక బాగున్నట్లే.

తేడా ఒక డిగ్రీ కూడా రాకపోతే ఈ వరుసలో వెతకండి. ముందు నీటి మట్టం తగ్గుతోందో లేదో చూడండి. తగ్గకపోతే గాలి నీటిని తాకడం లేదు, లేదా గది కిటికీలు మూసి ఉండి తేమంతా అక్కడే పేరుకుపోయింది. కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే నడపండి. మట్టం తగ్గుతున్నా నీరు చల్లబడకపోతే వేడి ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. హీటర్ స్విచ్, దీపం, కిటికీ ఎండ, పాత పంపు, ఈ నాలుగింటిలో ఒకటి కారణమై ఉంటుంది. గదిలో నీటితో పనిచేసే ఎయిర్ కూలర్ ఉంటే, అది కూడా ఆవిరి మీదే ఆధారపడేది కాబట్టి రెండింటి ఫలితం కలిసి రెట్టింపు అవుతుందని అనుకోవద్దు. ఏసీ గదిలో మాత్రం గాలి పొడిగా ఉంటుంది, అక్కడ ఫ్యాన్ బాగా పనిచేస్తుంది.

చేపలను కూడా గమనించండి. అవి నీటి మధ్యకు దిగి మామూలుగా తిరుగుతూ, మొప్పల కదలిక నెమ్మదిస్తే మంచి గుర్తు. బెట్టా, గౌరామి వంటివి నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే చేపలు, పైగా వెచ్చదనాన్ని ఇష్టపడేవి. వాటి తొట్టెలో ఫ్యాన్ తప్పనిసరైతే తక్కువ వేగంతో, ఒక మూలకు గాలి తగలకుండా అమర్చండి.

ఫ్యాన్ సరిపోని అత్యవసర సమయంలో

నీరు 32 దాటి చేపలు పైకి వచ్చి రొప్పుతుంటే, మొదట చేయవలసినది చల్లబరచడం కాదు, గాలి అందించడం. ఎయిర్ పంప్ పెట్టండి, లేదా ఫిల్టర్ నీరు ఎత్తు నుంచి పడేలా చేయండి. దీపం ఆపండి, ఆ రోజుకు మేత మానండి. తర్వాత గడ్డకట్టించిన నీటి సీసా ఒకటి తొట్టెలో తేలనివ్వండి. ఒక లీటరు మంచు సీసా పూర్తిగా కరిగితే 100 లీటర్ల నీరు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, ఆ లెక్కన ఎన్ని సీసాలు కావాలో మీకే తెలుస్తుంది. 20 లీటర్ల చిన్న తొట్టెలో అదే సీసా ఐదు డిగ్రీలు దించగలదు, అది చేపలను చంపగలదు, కాబట్టి అక్కడ చిన్న సీసా వేసి సగం కరగగానే తీసేయండి. మంచు ముక్కలను నేరుగా వేయకండి, సీసాను ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు పైన కొంత ఖాళీ వదలండి.

కరెంటు పోయే ఇళ్లలో 12 వోల్టుల ఫ్యాన్‌కు ఒక మేలు ఉంది. 0.2 ఆంపియర్ల ఫ్యాన్‌ను 7 ఆంపియర్-గంటల 12 వోల్టుల బ్యాటరీ ఒక పగలూ రాత్రీ నడపగలదు. బ్యాటరీకి, ఫ్యాన్‌కు మధ్య చిన్న ఫ్యూజు తప్పక పెట్టండి.

ఎండలు తగ్గాక

ఫ్యాన్ ఆపి ఉంచినా వరుసగా మూడు రోజులు నీరు మీ చేపలు తట్టుకునే వేడిని దాటకపోతే దాన్ని తీసేయవచ్చు. ప్లగ్ తీసి, రెక్కల మీద దుమ్మును, ఉప్పునీటి తొట్టె అయితే తెల్లగా పేరుకున్న ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, పొడి చోట దాచండి. తిప్పినప్పుడు గరగరమనే ఫ్యాన్‌ను దాచడం దండుగ, అది వచ్చే వేసవిలో మీరు ఇంట్లో లేనప్పుడే ఆగిపోతుంది. మూత తిరిగి పెట్టిన రోజునే హీటర్‌ను మామూలు అంకెకు మార్చండి. అద్దం మీద అంటించిన టేపు ముక్కను మాత్రం అలాగే ఉండనివ్వండి.